వాటాలో మనుషులున్నారు

1997 వేసవి. నర్సీపట్నంలో మేం అద్దెకున్న డాబా ఇంటికి ఒక ఆదివారం పొద్దున్నే నలుగురు మగవాళ్లు వచ్చారు. నాన్న బజారుకెళ్లారు. అమ్మ అన్నం వారుస్తోంది. "ఇల్లు చూడ్డానికొచ్చేమమ్మా" అన్నారు వాళ్లు. ఇంటాయన తాలూకు చుట్టాలనుకుని అమ్మ మంచినీళ్లిచ్చింది. వాళ్లలో ఒకాయన సంచీలోంచి టేపు తీసి నన్ను పిలిచాడు. "పాపా, ఈ కొస గోడకానించి పట్టుకోమ్మా" అన్నాడు. నాకు తొమ్మిదేళ్లు. పెద్దవాళ్లు పని చెప్పారన్న సంబరంతో ముందు గదిలో, వంటింట్లో, వెనక దొడ్లో, నూతి గట్టు దాకా ఆ టేపు కొస పట్టుకుని తిరిగాను. కొలతలు రాసుకోవడం అయ్యాక ఆయన అమ్మ వైపు తిరిగి, "మీరెప్పుడు ఖాళీ చేస్తన్నారు?" అని అడిగాడు.

మా ఇల్లు అమ్మేస్తున్నారన్న సంగతి మాకు అలా తెలిసింది.

నాన్న కొయ్యూరు వైపు ఏజెన్సీ బడిలో మాస్టారు. మా చదువుల కోసం కాపురం నర్సీపట్నంలో పెట్టి, రోజూ బస్సులో తిరిగేవారు. అద్దె 450 రూపాయలు. మూడు నెలల అద్దె, 1,350 రూపాయలు, అడ్వాన్సు. స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాసుకున్నారు. ఇంకా ఆరు నెలల గడువుంది. ఆ కాగితం నాన్న ఇంటాయనకు చూపించారు, కొన్నాయనకూ చూపించారు. కొన్నాయన శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నాడు. మేమేమో ఆషాఢంలో ఇల్లు మారకూడదు. అందుకని జ్యేష్ఠం దాటకుండా, దొరికిన రెండు గదుల్లోకి సామాను చేరవేశాం. అడ్వాన్సు అడిగితే పాత ఇంటాయన "కొన్నాయన్ని అడగండి మాస్టారూ" అన్నాడు. కొన్నాయన "నాకెవరూ ఇవ్వలేదండీ" అన్నాడు. నాన్న రెండు గుమ్మాల మధ్య ఏడాది తిరిగి, ఇక ఊరుకున్నారు. ఆ డబ్బు నాన్నకు ఆ రోజుల్లో చిన్నదేం కాదు.

ఇన్నేళ్ల తర్వాత పోయినేడాది ఇంటివాళ్ల వరసలోకి మేం వచ్చాం. పెదబొడ్డేపల్లిలో నాన్న కట్టిన ఇల్లు అమ్మాల్సి వచ్చింది. నాన్న లేరు. తమ్ముడు డాలస్‌లో ఉన్నాడు. మేడ మీద అమ్మ ఒక్కతే. మెట్లెక్కలేక నా దగ్గరికి వచ్చేస్తానంది. కింది వాటాలో అద్దెకున్న కుటుంబానికి ఇంకా గడువుంది. అప్పుడు కూర్చుని, నాన్న చేతిలోని ఆ కాగితానికి నిజంగా ఎంత విలువ ఉండేదో మొదటిసారి తెలుసుకున్నాను. ఈ కథనం అక్కడ మొదలైంది.

అద్దె కాపురాల ఊరు

నర్సీపట్నాన్ని ఎరిగినవాళ్లకు ఇది అద్దెవాళ్ల ఊరని చెప్పనక్కర్లేదు. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు మండలాల్లో ఉద్యోగం చేసే మాస్టార్లు, నర్సులు, బ్యాంకు వాళ్లు, అటవీ శాఖ వాళ్లు చాలామంది కాపురం ఇక్కడే పెడతారు. ఆర్డీవో ఆఫీసు, ఏరియా ఆసుపత్రి, ఆర్టీసీ డిపో, కాలేజీలు అన్నీ ఉన్నది ఇక్కడే. ఇది ఇప్పటి సంగతీ కాదు. 1922–24లో అల్లూరి సీతారామరాజు మన్యం పోరాటం నడిపినప్పుడు ఆయన మీదికి వచ్చిన బలగాలకూ ఈ ఊరే మకాం. కొండ మీద పని ఉన్నవాడు కొండ కింద ఇల్లు వెతుక్కోవడం ఈ ఊరికి అప్పటి నుంచీ ఉంది.

దాని వెనక ఒక చట్టం కూడా ఉంది. లంబసింగి ఘాట్ ఎక్కితే షెడ్యూల్డ్ ప్రాంతం. అక్కడ 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దాన్ని గట్టిపరిచిన 1970 నాటి సవరణ అమల్లో ఉన్నాయి. జనం నోట్లో అది "వన్ ఆఫ్ సెవెంటీ". గిరిజనేతరుడికి అక్కడ భూమి అమ్మితే చెల్లదు. ఆ నిబంధనలో బదలాయింపు అన్న మాటకు అర్థం చెప్పినచోట అమ్మకం, తనఖా, దానంతో పాటు లీజునూ కలిపి రాశారు. మేం ఇల్లు మారిన కొద్ది రోజులకే, 1997 జూలై 11న, మన ఉమ్మడి విశాఖ జిల్లా అనంతగిరి మండలం గనుల లీజుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఆ మాటను ఇంకా ముందుకు తీసుకెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదంది. లీజంటే ఉత్త అనుమతి కాదని, భూమి మీద ఒక హక్కు చేతులు మారడమేనని ఆ చట్టానికి తెలుసు. కొండ కింద మనం ఆ సంగతి మర్చిపోతుంటాం. అద్దెకిచ్చినవాణ్ణి "మా ఇంట్లో ఉంటున్నారు" అంటాం తప్ప, ఆ ఇంటి మీద మనమే రాసిచ్చిన హక్కొకటి వాళ్ల చేతిలో ఉందని అనుకోం.

గుమ్మం ముందు చెప్పులు

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఈ విషయంలో ఎంత సూటిగా ఉందో చదివి ఆశ్చర్యపోయాను. దాని 109వ సెక్షన్ ప్రకారం, అద్దెకిచ్చిన ఇల్లు అమ్మితే కొన్నవాడికి పాత యజమాని హక్కులన్నీ వస్తాయి. అద్దెకున్నవాడు కోరితే పాత యజమాని బాధ్యతలు కూడా అతని మీద పడతాయి. అమ్మకానికి అద్దెవాళ్ల ఒప్పుదల అవసరం లేదు. అలాగే అమ్మకంతో అద్దె ఒప్పందం రద్దయిపోదు. గోడలతో పాటు ఆ మాట కూడా కొన్నవాడికి సంక్రమిస్తుంది. అమ్మకానికి ముందటి అద్దె బకాయి మాత్రం కొన్నవాడికి రాదు, అది పాత యజమానిదే. ఇల్లు చేతులు మారిందని తెలియక అద్దెవాడు పాత యజమానికే డబ్బు కట్టేస్తే, కొత్తాయన వచ్చి మళ్లీ కట్టమనడానికి లేదు.

అదే చట్టం 3వ సెక్షన్‌లో ఇంకో వివరణ ఉంది. స్థిరాస్తి కొనేవాడికి, అందులో అసలు స్వాధీనంలో ఉన్న మనిషి హక్కు గురించి తెలిసినట్టే లెక్క. "అద్దెవాళ్లున్నారని నాకు చెప్పలేదండీ" అంటే కుదరదు. గుమ్మం ముందు చెప్పుల జతలు, దండెం మీద ఆరేసిన యూనిఫారాలు, కిటికీలో తులసిమొక్క ఇవన్నీ కొనేవాడికి అందిన నోటీసులే. మా ఇల్లు కొలవడానికొచ్చినాయన కోసం టేపు కొస పట్టుకున్న తొమ్మిదేళ్ల పిల్ల కూడా నోటీసే.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూశాం, ఏ లీజూ లేదు అంటారు కొందరు. ఈసీలో కనబడేవి రిజిస్టరైన దస్తావేజులే. నర్సీపట్నంలో అద్దె కాగితాన్ని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దాకా తీసుకెళ్లేవాళ్లు ఎంతమంది? స్టాంపు కాగితం, రెండు సంతకాలు, ఒక జిరాక్సు. చాలా చోట్ల అదీ ఉండదు, నోటి మాటే. ఇల్లు కొనేవాడు ఈసీ చదవాలి, దాంతో పాటు తలుపు కొట్టి లోపలివాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాలి. ఎప్పటి నుంచి ఉంటున్నారు, ఎప్పటిదాకా రాసుకున్నారు, అడ్వాన్సు ఎంత, అద్దె ఎవరికి కడుతున్నారు. పది నిమిషాల పని.

పదకొండు నెలల కాగితం

ఇక్కడ మన రాష్ట్రానికి సంబంధించిన మెలిక ఒకటుంది. ఇది అద్దెకున్నవాళ్లు, అద్దెకిచ్చినవాళ్లు ఇద్దరూ తెలుసుకోవాల్సింది. చాలామందికి తెలియదు. నాకూ తెలియదు.

పదకొండు నెలలకే ఎందుకు రాసుకుంటారు? ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెప్పింది కాబట్టి. కానీ 1999లో మన రాష్ట్రం ఆ క్లాజును సవరించింది. గడువు ప్రస్తావన తీసేసి, స్థిరాస్తి లీజులన్నిటికీ రిజిస్ట్రేషన్ కావాలంది. అంటే పదకొండు నెలలని రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న ధీమా ఆంధ్రప్రదేశ్‌లో పోయి పాతికేళ్లు దాటింది. కాగితం మాత్రం ఇప్పటికీ అదే లెక్కన రాస్తున్నాం.

దాంతో ఏమవుతుంది? రిజిస్టరు కాని కాగితాన్ని పట్టుకుని "నాకు ఇంకా ఆరు నెలల గడువుంది" అని కోర్టులో నిలబడడం కష్టం. స్వాధీనం ఎలా వచ్చిందో చెప్పడానికి, ఇలాంటి పక్క అవసరాలకు మాత్రం ఆ కాగితం పనికొస్తుంది. అలాగని అద్దెవాడు ఏ హక్కూ లేనివాడు అయిపోడు. రిజిస్టరు కాని లీజు అయినా, అద్దె ఇస్తూ పుచ్చుకుంటూ ఉంటే అది నెలవారీ అద్దె కిందికి వస్తుందని 2000లో ఆంటోనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నెలవారీ అద్దె ముగించాలంటే 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు కావాలి. నోటీసు గడువు తీరినా ఖాళీ చేయకపోతే కోర్టుకే వెళ్లాలి. తాళం మార్చడం, కరెంటు తీసేయడం, సామాను వీధిలో పెట్టించడం కుదరదు. స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషిని చట్టప్రకారం తప్ప కదిలించకూడదని 2003లో రామేగౌడ కేసులో మరోసారి తేల్చారు. అలా బలవంతాన గెంటేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తీసుకోవచ్చు. అక్కడ ఇల్లెవరిదన్న ప్రశ్నే రాదు.

మా నాన్న కాగితం 1997 నాటిది, సవరణకు ముందుది. అప్పటికి పదకొండు నెలల లీజు రిజిస్ట్రేషన్ లేకుండానే చెల్లేది. అంటే ఆయన చేతిలో ఉన్నది పూర్తిగా పనికొచ్చే కాగితం. ఆరు నెలలు కదలక్కర్లేదు. ఆయన అది తెలియకే ఖాళీ చేశారు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను.

అద్దె నియంత్రణ చట్టాల సంగతి క్లుప్తంగా. పట్టణాల్లో 1960 నాటి చట్టం చాలాకాలం నడిచింది. అద్దెవాణ్ణి ఖాళీ చేయించడానికి అది ఒప్పుకున్న కారణాల్లో ఇల్లు అమ్మడం అన్నది లేదు. యజమాని సొంతానికి కావాలన్నా, గడువు రాసుకుని ఉంటే ఆ గడువు తీరేదాకా దరఖాస్తు పెట్టుకోవడానికి వీల్లేదంది. 2017 పేరుతో కొత్త అద్దె చట్టం వచ్చింది. 2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా రాతపూర్వక ఒప్పందాన్నే నమ్ముకుంది. ఏ చట్టం కింద చూసుకున్నా ముందు కావలసింది సరిగ్గా రాసుకున్న కాగితం.

అమ్మకం అద్దెను తెంచకూడదన్న మాట కోసం జర్మనీలో ఒకప్పుడు పెద్ద వాదమే జరిగింది. పాత రోమన్ పద్ధతిలో కొన్నవాడు అద్దెవాణ్ణి వెళ్లగొట్టవచ్చు. 1888లో అక్కడ పౌరస్మృతి ముసాయిదా రాసినవాళ్లు ఆ పద్ధతినే దింపారు. ఓటో ఫాన్ గియర్కె అనే న్యాయ పండితుడు, ఆయనతో పాటు ఇంకెందరో గట్టిగా ఎదురు నిలిచారు. చివరికి 1900 జనవరి 1న అమల్లోకి వచ్చిన స్మృతిలో "కొనుగోలు అద్దెను తెంచదు" అన్న నియమం చేరింది. ఇప్పటికీ ఉంది. మనకు అదే అర్థమిచ్చే సెక్షన్ అంతకు పద్దెనిమిదేళ్ల ముందే పుస్తకంలో ఉంది. మన వీధుల్లోకి రావడమే ఆలస్యమైంది.

ముందు ఎవరికి చెప్పాలి

మా కింది వాటాలో ఉండేది ఒక స్టాఫ్ నర్సు కుటుంబం. అద్దె 6,000, అడ్వాన్సు 18,000. జూన్‌లో పదకొండు నెలలకు రాసుకున్నాం, అంటే ఏప్రిల్ ఆఖరు దాకా. పెద్దమ్మాయి పదో తరగతి. కార్తీకంలో ఇల్లు అమ్ముదామని మేం అనుకున్నాక, బ్రోకరు మొట్టమొదట ఇచ్చిన సలహా "కింద వాళ్లకి ఇప్పుడే చెప్పకండి మేడమ్, బేరం కుదిరేక చూద్దాం" అని. అద్దెవాళ్లున్న ఇంటికి రేటు పలకదని అతని భయం. ఆ భయం ఉత్తిది కాదు. సొంతంగా ఉండాలని కొనేవాడు ఖాళీ ఇల్లే అడుగుతాడు. అద్దె వస్తుంది కదా అని కొనేవాడు మాత్రం నెలనెలా సరిగ్గా కట్టే మనుషులుంటే సంతోషిస్తాడు. మనకు ఏ రకం వస్తాడో ముందు తెలియదు.

అమ్మ బ్రోకరు మాట వినలేదు. నన్ను వెంటబెట్టుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే కిందికి దిగింది. నర్సు అమ్మాయి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి, ఇంకా బట్టలు మార్చుకోలేదు. "రాండి మామ్మగారూ, కబురు పెడితే నేనే వద్దును కదా" అని కుర్చీ వేసింది. అమ్మ కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. ఇల్లు అమ్ముతున్నాం, మీ గడువు మీది, మీ డబ్బు మీకు ముడుతుంది, చూడ్డానికి ఎవరొచ్చినా ముందురోజు నీకు చెప్పే పంపిస్తాం. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పాప పరీక్షలు మార్చి, మామ్మగారూ" అంది, అంతే. "పరీక్షలయ్యేదాకా నిన్నెవరూ కదపరు" అంది అమ్మ. టేపు సంగతి అమ్మ ఎప్పుడూ ఎత్తలేదు. మర్చిపోలేదని ఆ రోజు తెలిసింది.

చెప్పినందువల్ల బేరం చెడలేదు. పైగా ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లకు ఆ అమ్మాయే తలుపు తీసి, బోరు ఎన్ని అడుగులో, వానాకాలంలో ఏ గోడ చెమ్మగిల్లుతుందో కూడా చెప్పింది. చెమ్మ సంగతి చెప్పడం మాకు నష్టమని బ్రోకరు గింజుకున్నాడు. కానీ కనబడని లోపం అమ్మేవాడు చెప్పి తీరాలని 55వ సెక్షన్ ఎటూ అంటోంది.

కొన్నది చింతపల్లి వైపు పనిచేసే ఉద్యోగుల జంట. మాఘంలో ముహూర్తం చూసుకున్నారు. గడువు ఏప్రిల్ దాకా. రెండు రోజులు మాటలు నడిచాయి. చివరికి దారి కొన్నావిడే చెప్పింది. అమ్మ ఖాళీ చేసిన మేడ మీది వాటాలో మాఘంలో పాలు పొంగించుకుంటాం, కింది వాటా ఏప్రిల్ తర్వాతే తీసుకుంటాం అంది. అప్పటిదాకా కింది అద్దె వాళ్లకే వస్తుంది కాబట్టి వాళ్లకూ నష్టం లేదు.

తమ్ముడి వాటా సంగతి మాత్రం మేం అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. విదేశంలో ఉన్నవాడు పవరాఫ్ అటార్నీ పంపితే, అది ఇక్కడికి అందిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. ప్రవాసికి చెందే సొమ్ములో కొన్నవాళ్లు ఆదాయపు పన్ను కోసి కట్టాలి. మామూలు అమ్మకాల్లోలా దానికి 50 లక్షల హద్దు లేదు, ఒక్క శాతంతోనూ సరిపోదు. ప్రవాసుల ఇళ్లు కొనేవాళ్లు ఇది ముందే ఆడిటరుతో చూపించుకోవడం మంచిది.

అసలు పట్టుదల వచ్చింది దస్తావేజు దగ్గర. లేఖరి గారు ఏళ్ల తరబడి రాస్తున్న మూసలో రాసుకొచ్చారు: సదరు ఆస్తి మీద ఏ విధమైన తాకట్టు, జప్తు, లీజు వగైరాలు లేవని, ఈ రోజే ఖాళీ స్వాధీనం చేసితిమని. నేను ఆ రెండు వాక్యాల కింద వేలు పెట్టి, ఇది నిజం కాదు కదండీ అన్నాను. "అందరికీ ఇలాగే రాస్తామమ్మా, ఏం కాదు" అన్నారు. ఏం కాకపోవచ్చు. కానీ రేపు ఏదైనా అయితే అబద్ధం రాసి సంతకం పెట్టినవాళ్లం మేమవుతాం. అద్దెవాళ్లు లేనివాళ్లవుతారు. కొన్నవాళ్లు మోసపోయినవాళ్లవుతారు. ఇన్ని ఇళ్ల దస్తావేజుల్లో, లోపల మనుషులు వంట చేసుకుంటుండగానే, ఖాళీ స్వాధీనం అని రాసేస్తున్నాం.

ఆయన చివరికి కొత్తగా రాశారు. కింది వాటాలో అద్దెదారులు ఫలానా నెల ఫలానా తేదీ దాకా ఉండుటకు కొనుగోలుదారులు సమ్మతించినారని, ఆ వాటా స్వాధీనం అద్దెదారుల ద్వారా దఖలు పడినదని, అద్దెదారుల అడ్వాన్సు 18,000 రూపాయలు అమ్మకపు సొమ్ములోంచి మినహాయించుకుని దాన్ని తిరిగి ఇచ్చు బాధ్యత కొనుగోలుదారులు వహించినారని. మూడు వాక్యాలు. 1997లో మా నాన్న ఏడాది పాటు రెండు గుమ్మాల మధ్య తిరిగింది, ఎవరూ రాయని ఆ మూడో వాక్యం కోసం.

మా అద్దె కాగితమూ రిజిస్టరైంది కాదు. కోర్టుకెక్కితే ఆ అమ్మాయి ఏప్రిల్ దాకా నిలబడగలిగేదో లేదో తెలియదు. ఇప్పుడు ఆ గడువు రిజిస్టరైన దస్తావేజులోకి ఎక్కింది.

రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం మేమూ, కొన్నవాళ్లూ కలిసి ఒక ఉత్తరం తయారు చేశాం. ఇల్లు ఫలానా తేదీన అమ్మేశాం, వచ్చే నెల నుంచి అద్దె వీరికి కట్టండి, మీ అడ్వాన్సు వీరి దగ్గరుంది అని. కింద మా సంతకాలు, వాళ్ల సంతకాలు, కొత్త యజమాని బ్యాంకు ఖాతా నంబరు. ఆ అమ్మాయి దాన్ని రెండుసార్లు చదువుకుంది. ఫోనులో ఫొటో తీసుకుంది. మడిచి, కూతురి హాల్ టికెట్ జిరాక్సులు పెట్టుకునే ఫైల్లో పెట్టింది. తర్వాత కొన్నావిడ వైపు తిరిగి అడిగింది.

"బోరు మోటారు మీటరు మేడకీ మాకూ ఒక్కటేనండీ. ఆ బిల్లు ఇప్పటిదాకా సగం సగం కట్టుకునేవాళ్లం. ఇక మీదటా అలాగేనా?"

"అలాగేనమ్మా" అంది ఆవిడ.